ఉత్తరుని ప్రగల్భము - దాని మూల్యము

పిరికివానిని చూచి జనులు నవ్వుదురు. పిరికివాడు వీరునివలె పలుకగా విని మరింత నవ్వుదురు. తెలుగునాట ఈ నవ్వునకు ఒక రాజకుమారుని పేరు స్థిరపడిపోయినది. అక్షరజ్ఞానము లేనివారు సయితము "ఉత్తరకుమార ప్రగల్భములు" అను మాటను ఎరుగుదురు. ఇంట గొప్పలు పలికి వీథిలో కాలు పెట్టగానే వెనుదిరుగు వానిమీద మన పెద్దలు ఈ ఒక్క మాటతో తీర్పు చెప్పి ఊరకుందురు. కాని లోకోక్తికి ఒక లోపము కలదు. అది మనుష్యుని జీవితమున ఒక దినమును మాత్రము పట్టుకొని తక్కిన దినములను విడిచిపెట్టును. ఉత్తరుని ప్రగల్భము ఎవరి మెప్పువలన పెరిగినది, దానికి మూల్యమును ఎవరు చెల్లించిరి, తుదకు దానిని ఎవరు త్రుంచిరి అను ప్రశ్నలకు లోకోక్తిలో సమాధానము లేదు. భారతకథలో కలదు.

యుద్ధకాలమున పుట్టు అసత్యములు రెండు తెగలు. శత్రువును మోసగించుటకై కల్పించునవి మొదటి తెగ. తనవారిని మెప్పించుటకై కల్పించునవి రెండవ తెగ. మొదటి తెగను గూర్చి మన నీతిశాస్త్రకారులు విచారించి, ఏది ఉపాయమో ఏది ద్రోహమో హద్దులు నిర్ణయింప యత్నించిరి. రెండవ తెగను గూర్చి విచారించినవారు తక్కువ. ఏలనన అది రణరంగమున గాక ఇండ్లలో, సభలలో, పెండ్లిమాటలలో పుట్టును. దానిని పుట్టించువాడు ఒక్కడు, పోషించువారు అనేకులు. ఆ అనేకులలో మనమును ఉందుము. కావున ఇది సేనానులు మాత్రమే గాక గృహస్థులును గృహిణులును విచారింపదగిన విషయము.

అంతఃపురమున గెలిచిన యుద్ధము

నన్నయభట్టు భారతరచన అరణ్యపర్వము నడుమ ఆగిపోయెను. పదుమూడవ శతాబ్దివాడైన తిక్కన సోమయాజి ఆ అరణ్యపర్వశేషమును విడిచి, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెనిగించెను. కావున ఆయన భారతము మారుపేర్లతోను మారువేషములతోను ఆరంభమగుచున్నది. ధర్మరాజు కంకుడు. భీముడు వంటవాడగు వలలుడు. అర్జునుడు నాట్యము నేర్పు బృహన్నల. ద్రౌపది సైరంధ్రి. సత్యవంతులందరు అసత్యపు పేర్లతో దాగియున్న ఆ నగరమున తన పేరుతోనే తిరుగుచున్నవాడు ఉత్తరుడు. చిత్రమేమనగా, వారందరికంటె పెద్ద వేషము ఆతనిదే.

త్రిగర్తరాజగు సుశర్మ దక్షిణమున గోవులను పట్టగా విరాటుడు సేనతో అటు వెడలెను. మరునాడు కౌరవులు ఉత్తరదిక్కున అరువదివేల గోవులను పట్టిరి. గోపాలకుల పెద్ద పరుగున నగరికి వచ్చెను. రాజు లేడు, సేన లేదు. అంతఃపురమున స్త్రీల నడుమ ఉత్తరుడు మాత్రము కలడు. ఆ గోపాలకుడు ఆతనితో పలికిన మాటలలో ఒకటి గమనింపదగినది. నీ తండ్రి నిండుసభలో నిన్ను గూర్చి, నా కుమారుడు నావంటి శూరుడని ఎల్లప్పుడు చెప్పుకొనుచుండును. ఆ మాటను నేడు నిజము చేయుమని ఆతడు వేడుకొనెను. అనగా ఉత్తరుని ప్రగల్భమునకు బీజము ఉత్తరునిది కాదు, తండ్రిది. కుమారుడు ఏ యుద్ధమున ఏమి చేసెనో అడుగకయే సభ తల యూచినది. రాజు మాటకు సభ తల యూచుట, సభ మాటకు నగరము తల యూచుట, నగరము మాటను కుమారుడు నమ్ముట - ఈ వరుసలోనే లేని వీరము పుట్టుచున్నది.

పిమ్మట జరిగినది అందరు ఎరిగినదే. తగిన సారథి లేడు గాని, ఉన్నయెడల భీష్మద్రోణకర్ణులను క్షణములో తరిమి గోవులను మరలింతునని ఉత్తరుడు పలికెను. తన్ను చూచి కౌరవులు అర్జునుడే వచ్చెనని భ్రమింతురనియు పలికెను. అచ్చటనున్న ద్రౌపది ఆ మాటను సహింపలేక, బృహన్నల సారథ్యమెరిగినవాడని రాజకుమారి ఉత్తర ద్వారా తెలియజేయించెను. ఉత్తరుడు తప్పించుకొనుటకు వీలులేని చోట చిక్కెను. కొరత సారథియే అని చెప్పినవానికి సారథి దొరికినాడు! అబద్ధమునకు శిక్ష అనేకపర్యాయములు ఇట్లే వచ్చును. అడిగినది చేతికి వచ్చును.

బయలుదేరునప్పుడు రాజకుమారియు ఆమె చెలులును బృహన్నలను ఒక కోరిక కోరిరి. భీష్మాదుల నుండి మెత్తని రంగురంగుల వస్త్రములను తెమ్మనియు, బొమ్మలకు కట్టుకొందుమనియు చెప్పిరి. ఈ చిన్న కోరికలో ఆ యింటి అజ్ఞానమంతయు కలదు. వారికి యుద్ధమనగా సంతకు పోయి వచ్చుటవంటిది. వారి తప్పు లేదు. యుద్ధమును గూర్చి వారికి చెప్పినవారు ఉత్తరునివంటివారే.

కురుసేన కంటబడగానే ఉత్తరునికి వెండ్రుకలు నిక్కబొడిచెను. రథము మరలింపుమని ప్రాధేయపడెను; సారథి వినకున్న క్రిందికి దుమికి పరుగెత్తెను. జడ వ్రేలాడుచుండ, చీరచెరగు ఎగురుచుండ బృహన్నల వెంటబడి నూరడుగులలో పట్టుకొనెను. ధనము నిత్తును, ఏనుగుల నిత్తును, విడిచిపెట్టుమని రాజకుమారుడు ఏడ్చెను. శత్రుసైనికులు చూచి నవ్విరి. మనమును నవ్వుదుము. 1963 సంవత్సరపు నర్తనశాల చలనచిత్రమున రేలంగి వెంకట్రామయ్య ఉత్తరుని వేషమున తెలుగువారిని నవ్వించెను. ఆ నవ్వు న్యాయమైనదే. కాని కథ అచ్చట ముగియలేదు.

ఎవరి రక్తము

అర్జునుడు ఉత్తరుని తిట్టలేదు, కొట్టలేదు. నీవు యుద్ధము చేయనక్కరలేదు, పగ్గములు పట్టుమని చెప్పి, జమ్మిచెట్టుమీది ఆయుధములను దింపించి, తాను రథికుడై కౌరవులను గెలిచెను. భీతునికి శక్తిలోబడిన పని యొకటి చూపించుట ఉత్తమగురువు లక్షణము. ఉత్తరుడు ఆ దినమంతయు బాణవర్షము నడుమ గుఱ్ఱములను నడిపెను. మూర్ఛిల్లిన శత్రువుల మేలివస్త్రములను చెల్లెలికై తీసికొని వచ్చినవాడును ఆతడే.

అజ్ఞాతవాసరహస్యము ఇంకను బయటపడరాదు గనుక, గెలుపు నీదేయని నగరమున చెప్పింపుమని అర్జునుడు కోరెను. దూతలు పోయి రాజకుమారుడు గెలిచెనని చాటిరి. విరాటుని ఆనందమునకు మేరలేదు. పురము నలంకరింప నాజ్ఞాపించి, కంకునితో జూదమాడుచు కుమారుని పొగడ నారంభించెను. బృహన్నల సారథిగా నున్నవానికి గెలుపు ఆశ్చర్యము కాదని కంకుడు పలికెను. తన కుమారునితో సమముగా పేడిని పొగడుదువా యని రాజు పాచికను విసరి కంకుని ముఖమున కొట్టెను. ముక్కునుండి రక్తము కారెను. ఆ రక్తము నేలబడకుండ ధర్మరాజు దోసిలి పట్టగా, ద్రౌపది జలపాత్ర తెచ్చి పట్టెను.

ఉత్తరకుమారుని కథలో మనము చదువవలసిన పుట ఇది. ప్రగల్భము పలికినవానికి ఒంటిమీద గీటు లేదు. దానిని పెంచిన తండ్రికి దెబ్బ లేదు. నిజమును చెప్పినవాని ముఖమున రక్తము కారినది. ఆ రక్తమును పట్టినది ఇంటి పనికత్తె. లేని వీరమునకు మూల్యమును చెల్లించునది దానిని పలికినవాడు కాదు, విని సంతోషించినవాడు కాదు, మూడవవాడు. ఈ సూత్రము విరాటనగరముతో ఆగిపోలేదని ముందు చూపెదను.

అంతలో ఉత్తరుడు సభకు వచ్చెను. పురమంతయు ఆతనిని జయజయధ్వానములతో ముంచుచున్నది. తండ్రి కౌగిలించుకొనుటకు చేతులు చాచియున్నాడు. ఇట్టి సమయమున ఊరకుండుట ఎంత సులభము! పైగా ఊరకుండుటకు అర్జునుని అనుమతియు కలదు. ఉత్తరుడు ఊరకుండలేదు. కంకుని గాయమును చూచి, ఇది ఎవరు చేసిరని అడిగి, తండ్రిచేత క్షమాపణ చెప్పించెను. పిదప నిండుసభలో, గోవులను మరలించినవాడను నేను కాననియు, భయపడి పారిపోవుచుండగా ఒక దేవకుమారుడు నన్నాపి, తానే శత్రువులను గెలిచెననియు చెప్పెను. అర్జునుని రహస్యమును కాపాడుచునే తన అసత్యమును విడిచిపెట్టెను. పారిపోతిని అను మాటను తండ్రి యెదుట, సభ యెదుట, జయఘోష నడుమ పలుకుటకు ఎంత ధైర్యము కావలెనో ఆలోచింపుడు. కురుసేన యెదుట నిలువలేనివాడు ఇచ్చట నిలిచెను. తరువాత కురుక్షేత్రమున మొదటిదినముననే ఏనుగునెక్కి శల్యుని తాకి, ఆతని గుఱ్ఱములను కూల్చి, ఆతని చేతనే ఉత్తరుడు హతుడయ్యెను. పారిపోలేదు. మన లోకోక్తి ఆ దినమును మరచినది.

పసుపుముద్దయు జడయు

తిక్కన సోమయాజి నెల్లూరి చోడరాజగు మనుమసిద్ధి ఆస్థానమున నుండెను. ఆయన తన నిర్వచనోత్తరరామాయణమును ఆ రాజునకే అంకితమిచ్చెను. ఆ మనుమసిద్ధి సేనానియే ఖడ్గతిక్కన; కవితిక్కనకు జ్ఞాతి. ఆ సేనాని కథయు గోవులతోడనే ముడిపడియున్నది. యాదవప్రభువగు కాటమరాజు తన మందలను నెల్లూరిసీమలో మేపెను. పుల్లరి విషయమున వివాదము పుట్టి పాలేటి యొడ్డున పంచలింగాల యొద్ద యుద్ధము జరిగెను. కాటమరాజు కథగా ఈ వృత్తాంతమును తెలుగుజనులు తరతరములుగా పాడుకొనుచున్నారు.

సంప్రదాయము చెప్పునది ఇది. ఖడ్గతిక్కన మొదట రణమునుండి వెనుదిరిగి ఇంటికి వచ్చెను. భార్య చానమ్మ ఆతనికి స్నానమునకు నీళ్లు తోడి, మంచమును మరుగుపెట్టి, పసుపుముద్దను ఉంచెను. ఇదేమని అడుగగా, మన యింట ఆడువారము ముగ్గురమైతిమి గదా యని చెప్పెను. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించి, నీవు విరిగి వచ్చితివి గనుక పాలును విరిగినవని పలికెను. ఆ మాటలు తగిలి ఖడ్గతిక్కన తిరిగి యుద్ధమునకు పోయి పోరాడి ప్రాణము విడిచెను. ఈ సందర్భమునకు సంబంధించిన చాటుపద్యములు నేటికిని పండితుల నోట నున్నవి.

ఈ కథను వీరమాతృత్వమునకు ఉదాహరణముగా మనకు పాఠములలో చెప్పిరి. ఆ స్త్రీల తేజస్సును తక్కువ చేయవలసిన పని లేదు. అసత్యపు మెప్పుతో మగనిని ఊరడింపక కఠినసత్యము పలికిన యిల్లు అది. విరాటుని యింటికి అది సరిగా ఎదురు. కాని ఒక ప్రశ్న నిలుచుచున్నది. పిరికితనమును తెలుపుటకు పసుపుముద్ద ఏల? ఆడుదానివైతివనుట నింద ఎట్లయ్యెను? నిందించినవారు స్త్రీలే యగుటచేత నింద న్యాయమగునా? సేనాని ఏల వెనుదిరిగెను, సేన ఎంత మిగిలెను, తిరిగి పోయినచో గెలుపునకు వీలు కలదా అను ప్రశ్న ఒక్కటియు ఆ యింట పుట్టలేదు. మగతనము నిలిచెను, మనుష్యుడు చచ్చెను.

జ్ఞాతియగు కవి తెనిగించిన భారతమున ఇందుకు సమాధానము కలదు. విరాటపర్వమున జడ వేసికొని, గాజులు తొడిగికొని, నాట్యము నేర్పుచుండినవాడు వీరుడు. కవచమును తలక్రిందుగా తొడుగబోయి ఆడుపిల్లలను నవ్వించినవాడు వీరుడు. కిరీటముతో, మీసముతో, రాజవంశపు పేరుతో నున్నవాడు పారిపోయెను. నెల్లూరి యింట సిగ్గునకు గుర్తుగా వాడబడిన స్త్రీచిహ్నములే విరాటుని నగరమున శౌర్యమునకు ముసుగైనవి. వేషమును చూచి వీరమును కొలువరాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట సాధ్యము కాదు. విరాటుడు ధర్మరాజును కొట్టినదియు ఈ కొలత తప్పుటవలననే. గెలిచినవాడు పేడి యని విని ఆతడు సహింపలేకపోయెను.

పశ్చిమమున ఒక ప్రహసనము

లేని వీరము మన దేశమునకే చెందినది కాదు. షేక్స్పియరు నాటకమున ఫాల్‌స్టాఫ్ యుద్ధభూమిలో చచ్చినట్లు పడియుండి, అపాయము గడచిన తరువాత లేచి, ఇతరుడు చంపిన శత్రువును తానే చంపితినని మోసికొని వచ్చును. కాని ప్రణయమునకును లేని వీరమునకును గల సంబంధమును విప్పి చూపినవాడు బెర్నార్డు షా. ఆయుధములు, మానవుడు అని చెప్పదగిన పేరుగల ఆయన నాటకము 1894 ఏప్రిలులో లండనున మొదట ప్రదర్శింపబడెను. 1885 నాటి సెర్బియా బల్గేరియా యుద్ధము దానికి రంగము.

రైనా అను కన్యకు సెర్జియస్ అను అధికారితో వివాహము నిశ్చయమైయున్నది. ఆతడు గుఱ్ఱపుదళముతో శత్రువుల మరఫిరంగుల మీదికి దూకి గెలిచెనని వార్త వచ్చి, ఆమె ఆతని చిత్రపటమును పూజించుచుండును. ఆ రాత్రియే ఓడిన పక్షపు సైనికుడొకడు ఆమె గదిలో దూరును. బ్లంట్ష్లీ అను ఆ స్విట్జర్లండు దేశీయుడు కూలికి యుద్ధము చేయువాడు. తూటాల సంచిలో తూటాలకు బదులు మిఠాయి నుంచుకొనువాడు. ఆతడు ఆమెకు అసలు సంగతి తెలుపును. ఆ దూకుడు శుద్ధ అవివేకము. శత్రువులకు పొరబాటున సరిపడని తూటాలు వచ్చుటచేత ఫిరంగులు పేలలేదు గాని, లేకున్న ఆ దళములో ఒక్కడును మిగులడు. రైనా ఆతనిని దాచి, తండ్రి కోటు తొడిగి పంపివేయును. తుదకు ఆమె వరించునది సెర్జియస్సును కాదు. భయమును భయమని చెప్పిన ఆ సైనికునే.

షా నాటకమును విరాటపర్వమును ప్రక్కప్రక్కన పెట్టిన ఒక భేదము కనబడును. షా కన్యకు తన భ్రమను తానే విడిచి, తానే వరించు అవకాశము కలదు. విరాటుని కుమార్తెకు అది లేదు. నిజము తెలిసిన పిమ్మట విరాటుడు ఉత్తరను అర్జునునకు ఇయ్యజూపెను. ఏడాది కాలము గురువుగా నుండి బిడ్డవలె చూచితినని అర్జునుడు నిరాకరించి అభిమన్యునకై స్వీకరించెను. అర్జునుని వివేకము శ్లాఘనీయమే. కాని వీరునికి బహుమానముగా కన్యను ఇచ్చు రాజు ఆమె నడుగలేదు. వివాహముతో ఆ పర్వము మంగళాంతమగును. కొలదికాలమునకే కురుక్షేత్రమున పదుమూడవనాడు అభిమన్యుడు కూలెను. బొమ్మలకు చీరలడిగిన బాలిక గర్భవతియై వైధవ్యమును పొందెను. యుద్ధము సంత కాదని ఆమెకు తెలిసినది ఆ దినమున.

మన కంటి యెదుటి ప్రగల్భము

పురాణమును నాటకమును విడిచి మన నేలకు వత్తము. కొత్తగూడెము నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు కేంద్రము. 1948లో ఇది నిజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలోనిది. గోదావరి కవతలి భద్రాచలము మద్రాసు రాష్ట్రమునకు చెందియుండెను. సింగరేణి బొగ్గుసంస్థలో అధికభాగము వాటాలను నిజాము ప్రభుత్వము 1945లో కొని యుండెను. కావున ఈ ప్రాంతము ఆ రాజ్యమునకు అంచును, ఇంధనపు కొట్టును కూడ.

1947 నవంబరు 29న నిజాము భారతప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. ఆ ఒడంబడిక కాలములోనే లాతూరు వకీలగు కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు విజృంభించిరి. ఆసఫ్‌జాహీ పతాకమును ఢిల్లీ ఎఱ్ఱకోటమీద ఎగురవేయుదుమనియు, బంగాళాఖాతపు తరంగములు నిజాము పాదములను కడుగుననియు రజ్వీ ఉపన్యసించెను. సభలు చప్పట్లు కొట్టినవి. నిజాము రాజ్యమునకు విమానదళము లేదు, సముద్రతీరము లేదు, నలుదిక్కుల భారతభూమియే. ఈ సంగతిని ఎరుగనివాడు ఆ సభలలో ఎవడును లేడు. ఎరిగియు చప్పట్లు కొట్టిరి. విరాటుని సభయు ఇట్లే తల యూచినది.

ఆ వీరము చూపబడినదెచ్చట? ఢిల్లీలో కాదు, పల్లెలలో. నేటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లును నిజాము బలగములును జరిపిన ఊచకోతను తెలంగాణము మరువలేదు. ఫిరంగులు గల శత్రువు యెదుట చూపదలచిన శౌర్యము ఒడిసెలలు, నాటుతుపాకులు గల రైతులమీద చూపబడెను. లేని వీరమునకు ఇది మరియొక లక్షణము: అది సమానుని వెదకదు.

1948 సెప్టెంబరు 13న భారతసేన షోలాపురము దిక్కునుండి నల్‌దుర్గమును ప్రవేశించెను. మరునాడు ఔరంగాబాదు లోబడెను. 17వ తేదీ సాయంకాలమునకు నిజాము యుద్ధవిరామమును ప్రకటించెను. మరునాడు సేనాపతి ఎల్ ఎద్రూస్ మేజరు జనరలు చౌధురికి లొంగిపోయెను. సంవత్సరకాలపు గర్జనలు ఐదు దినములలో ముగిసెను. రజ్వీ నిర్బంధింపబడి, 1957లో విడుదలయై పాకిస్తానునకు వెడలి, 1970లో అచ్చట మరణించెను.

ఇచ్చట నవ్వి పుస్తకము మూసివేసినచో మనము లోకోక్తి చేసిన తప్పునే చేసినవారమగుదుము. మూల్యమును ఎవరు చెల్లించిరో చూడవలెను. జవాహర్‌లాల్ నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్ సంఘము ఈ రాజ్యమున పర్యటించి, ఆ చర్యకాలమునను తరువాతను తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల మంది ప్రాణములు కోల్పోయిరని అంచనా వేసెను. వారిలో అత్యధికులు ముసల్మానులు; మరాఠ్వాడ కర్ణాటక జిల్లాలలో నష్టము మిక్కిలి హెచ్చు. ఆ నివేదిక చిరకాలము ప్రజలకు అందకుండెను. హతులలో ఎందరు రజ్వీ సభకు పోయిరి? ఎందరు ఎఱ్ఱకోటను కోరిరి? నేతగాండ్రు, కూలీలు, చిన్న ఉద్యోగులు, స్త్రీలు, బాలురు ఒకని ప్రగల్భమునకు తమ నెత్తురుతో బదులు చెప్పవలసివచ్చెను. పాచిక విసరినదొకడు, ముఖము పగిలినది మరియొకనిది.

గెలిచినవారి మాటలలోను ముసుగు లేకపోలేదు. సేనాంగములు, శకటములు, విమానములు పాల్గొన్న ఆ దండయాత్రకు సైన్యములో ఆపరేషన్ పోలో అని పేరు. లోకమునకు మాత్రము పోలీసు చర్య అని చెప్పిరి. ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు నడుచుచుండిన కాలమున ఆ పదము రాజనీతికి అక్కరకు వచ్చియుండవచ్చును. నిరంకుశపాలన తొలగుట తెలంగాణప్రజలకు మేలే యయ్యెను. కాని పోలీసులు చేసిన చిన్నపని యని పేరు పెట్టినప్పుడు, దానిలో చచ్చినవారిని లెక్కించు బాధ్యతయు చిన్నదైపోవును. వీరమును పెంచి చెప్పుట ఎట్లు అసత్యమో, హింసను తగ్గించి చెప్పుటయు అట్లే అసత్యము.

తట్టి చూచుట

మన బొగ్గుబాయిలలో ఒక ఆచారము కలదు. భూగర్భమున పనికి దిగినవారు కప్పు క్రింద నిలుచుటకు ముందు దానిని కర్రతో తట్టి చూతురు. గట్టి రాయి ఖంగున పలుకును. పైపొరనుండి విడివడిన రాయి డొల్లగా పలుకును. కంటికి రెండును ఒక్కటే. తేడా చెవికే తెలియును. డొల్ల పలికిన చోట ఆనుడు పెట్టుదురు, లేదా ఆ రాతిని దింపివేయుదురు. అట్లు తట్టువానిని పిరికివాడని ఎవరును అనరు. తట్టకయే దిగి, నాకు భయము లేదని చెప్పువానిని తోడివారు తమ జట్టులోనికి చేర్చుకొనరు. వాని ధైర్యమునకు తామందరు కప్పు క్రింద పడవలసివచ్చునని వారికి తెలియును.

యుద్ధవార్తలు వినునప్పుడు గృహస్థులకు కావలసినది ఈ చెవియే. నేడు ప్రగల్భము పలుకుటకు అంతఃపురము అక్కరలేదు. చేతిలోని యంత్రము చాలును. గోపాలకుని పరుగు, దూతల చాటింపు, సభ చప్పట్లు మూడును ఒక్క నిమిషములో జరిగిపోవుచున్నవి. ఇంట కూర్చున్నవారు శత్రునగరములను పట్టుచున్నారు, కూల్చుచున్నారు. సరిహద్దునందలి సైనికుని తల్లి మాత్రము నిద్రలేక యున్నది. ఆ వార్తను మనము ఇతరులకు పంపునప్పుడెల్ల విరాటుని సభలో తల యూచినవారమే యగుచున్నాము. ఇది నిజమా యని అడిగినవానిని ద్రోహి యన్నప్పుడెల్ల పాచిక విసరినవారమే యగుచున్నాము.

పిల్లలకు ఉత్తరుని కథ చెప్పునప్పుడు పారిపోయిన ఘట్టమును చెప్పుడు. వారు నవ్వుదురు, నవ్వవలెను. కాని పిమ్మట కంకుని ముఖమున కారిన రక్తమును చెప్పుడు. దానిని పాత్రలో పట్టిన ద్రౌపదిని చెప్పుడు. తుదకు, జయఘోషల నడుమ నిలిచి, గెలిచినవాడను నేను కానని పలికిన రాజకుమారుని చెప్పుడు. బొమ్మచీర లడిగిన ఉత్తర ఏమయ్యెనో కూడ దాచకుడు. ఇంతయు విన్న పిల్లవాడు పెద్దవాడై ఒకనాడు భయపడిన, భయపడితినని చెప్పగలడు. అట్టివాడు చెప్పిన వీరమును నమ్మవచ్చును.